రొట్టెపాపలు మాట్లాడవు

మా కిస్వార్‌పాంపాలో నవంబరు వచ్చిందంటే మేఘాలకు మొహమాటం ఉండదు. తలుపు తెరిచి ఉంటే చాలు, పిలవని చుట్టాల్లా లోపలికి వచ్చేస్తాయి. పొద్దున నేను పిల్లలకు కీన్వా గింజల జావ పోస్తూ ఉంటే గుమ్మంలోంచి తెల్లటి తునక ఒకటి వచ్చి, చాపల మీద కాసేపు తారట్లాడి, వెనక కిటికీలోంచి లోయలోకి దిగిపోతుంది. పిల్లలు దాన్ని పట్టుకోవాలని చేతులు చాపుతారు. దొరకలేదని మాత్రం ఎవరూ ఏడవరు. చెక్క చెంచా దొరక్కపోతే ఇల్లు పీకి పందిరేసే పిల్లలు మేఘం దొరక్కపోతే ఊరుకుంటారు. అది నాకు ఇప్పటికీ వింతే.

నా పేరు సతుర్నీనా. పిల్లలకు నోరు తిరగక సతు అమ్మనయ్యాను. తల్లులు బంగాళాదుంపల చేలకో, ఉన్నికోసం పెంచే అల్పాకాల వెంట పైకొండకో వెళ్తే, ఆరేళ్లలోపు పిల్లల్ని నా ముందుగదిలో పెట్టుకుని చూసుకుంటాను. ఆ ఏడాది ఎనిమిది మంది. పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి నాకు ఓపిక ఎక్కువని ఊరు అనుకుంటుంది. ఓపిక కాదు, నోరు ఎక్కువ. ఆ నోటి వల్ల జరిగినదే నేను చెప్పబోయేది.

డెల్మెర్‌కి అప్పుడు నాలుగేళ్లు. వాడి పుట్టువెంట్రుకల్లో మొదటి కుచ్చు కత్తిరించింది నేనే. అందుకని వాడికి జ్ఞానతల్లిని, వాళ్లమ్మ గ్రెగోరియాకి కొమాద్రెని. మా దగ్గర కొమాద్రె అంటే తోడబుట్టినదాని కంటే ఒక మెట్టు పైనే. పోట్లాడుకోవచ్చు గాని మాటలు మానుకోకూడదు. వాడు వసపిట్ట. నిద్రలో కూడా ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవాడు. మేఘం ఎవరింటికి వెళ్తుంది, గినీ పందులకు తోక ఎందుకు లేదు, నువ్వు చిన్నప్పుడు కూడా ముసలిదానివేనా. జవాబు చెప్పి చెప్పి నా దవడలు నొప్పిపుట్టేవి. "నోరు మూసుకోరా కాసేపు" అని రోజుకు ఎన్నిసార్లు అన్నానో దేవుడికే తెలియాలి.

రెండోది నయ్దా. ఐదో ఏడు నిండబోతోంది. వాళ్లమ్మ కాఫీ గింజలు కోయడానికి మే నెలలో అడవివైపు వెళ్లి, దుంపలు నాటే వేళకు వస్తానంది. నాటడం అయిపోయింది, మొలకలు కూడా వచ్చాయి, ఆమె రాలేదు. పిల్ల తాతతో ఉండేది. ఆయనకు చెవుడు, ఆయన లోకం ఆయన గొర్రెలు. నయ్దాకి పంచుకోవడం తెలియదు, లాక్కోవడమే తెలుసు. చేతిలో ఉన్నది లాక్కుంటుంది, ఒళ్లో ఉన్నది లాక్కుంటుంది, ఒక్కోసారి నోట్లో ఉన్నది కూడా లాక్కుంటుంది. దాని జుట్టు దువ్వడానికి కూర్చుంటే నాకే కన్నీళ్లొచ్చేవి, అది మాత్రం ఏడ్చేది కాదు.

పిల్లల ఎదుగుదల చూసి రాసుకోవడానికి నెలకోసారి పట్నం నుంచి సెన్యోరీతా ఇర్మా వచ్చేది. మంచి పిల్ల, బూట్లు మాత్రం మా బురదకు పనికొచ్చేవి కావు. పిల్లల ముందు నాలుగు అట్టలు పరిచేది. నవ్వు మొహం, ఏడుపు మొహం, కోపం మొహం, భయం మొహం. ఇవాళ నువ్వు ఏ మొహమో చూపించు అని అడిగేది. మిగతా పిల్లలు ఏదో ఒకటి తీసేవారు. నయ్దా నాలుగింటినీ బోర్లా తిప్పి, ఏమీ లేని వెనకవైపు చూపించి, "ఇది నేను" అనేది. దానికి ఇర్మా కాగితంలో గడి లేదు. ఇతరులతో పంచుకుంటుందా, లేదు. ఇతరుల బాధ గుర్తిస్తుందా, లేదు. అలా అన్నిటికీ లేదు, లేదు అని రాసుకుని వెళ్లిపోయేది. నేనూ తల ఊపేదాన్ని.

సకల పరిశుద్ధుల పండక్కి మా వీధి వాళ్లందరూ నా పెరట్లోని మట్టి బట్టీలోనే రొట్టెలు కాలుస్తారు. ఏడాది పొడవునా అది, దాని నోటికి మూతపెట్టే రాయి ఖాళీగా పడి ఉండి, కోళ్లు ఎక్కడానికి తప్ప పనికిరావు. ఆ రెండు రోజులు మాత్రం దాని వైభవం చూడాలి. చనిపోయినవాళ్ల కోసం రొట్టెలు, బతికున్న పిల్లల కోసం రొట్టెపాపలు. చుట్టిన పసిబిడ్డలా పిండి మలిచి, పైన చిన్న రంగుల మొహం అంటించి కాలుస్తాం. పిల్లలు వాటిని గుడ్డల్లో చుట్టుకుని, నెత్తిన నీళ్లు చల్లి, పేర్లు పెట్టి, నువ్వు నాకు కొమాద్రెవి, నేను నీకు కొమాద్రెని అని చుట్టరికాలు కలుపుకుంటారు. రొట్టె గట్టిపడి ఎలక కొరికేదాకా ఆ ఆట నడుస్తుంది.

ఆ ఏడాది డెల్మెర్‌కి మూడు రొట్టెపాపలు వచ్చాయి. వాళ్లమ్మమ్మది ఒకటి, మేనత్తది ఒకటి, నాది ఒకటి. నయ్దాకి ఒక్కటీ లేదు. బట్టీ నా పెరట్లోదే, పిండి పిసికింది నా చేతులే, రోజూ నా ముందు కూర్చునే పిల్ల అది. అయినా నాకు తట్టలేదు. ఎవరో ఒకరు చేసే ఉంటారులే అనుకున్నాను. అందరూ అలాగే అనుకుని ఉంటారు.

పండగ అయిన నాలుగో రోజు నయ్దా, డెల్మెర్ ఒళ్లోంచి నేను చేసిన పెద్దదాన్ని లాక్కుంది. వాడు ఆకాశం బద్దలయ్యేలా ఏడ్చాడు. నేను దాని చేతిలోంచి తిరిగి లాగేసరికి రొట్టె మెడ విరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ అనేశాను.

"నీకు చేసిపెట్టే దిక్కు లేకపోతే వాళ్లది లాక్కుంటావే?"

మాట నోట్లోంచి బయటపడ్డాక అది ఎంత బరువైనదో నాకే తెలిసింది. నయ్దా ఏడవలేదు. నా మొహంలోకి సూటిగా చూసి, చేతికంటిన పొడి నాకి, వెళ్లి గోడవైపు తిరిగి కూర్చుంది. నాకు సిగ్గేసింది. కాని పిల్లల ముందు పెద్దవాళ్లు సిగ్గుపడటం నాకు ఎవరూ నేర్పలేదు. గరిటె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు చాపల మీద పడుకున్నాక, చిక్కుడు గింజలు వలుచుకుంటూ అరుగు మీద కూర్చున్నాను. మేఘాలు విడిపోయి ఎండ వీపుకు తగిలింది. అలాంటి రోజుల్లో ఎండ దొరికితే ఒళ్లు తెలియదు. నేను కునికాను. ఈ మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడు ఒప్పుకోలేదు. మెలకువ వచ్చేసరికి మేఘం మళ్లీ కమ్మేసి ఉంది, నా కాళ్లు నాకే కనబడటం లేదు. లోపలికి వెళ్లి చూస్తే చాపల మీద ఆరుగురే ఉన్నారు.

పేర్లు పెట్టి అరుస్తూ పెరడంతా తిరిగాను. చివరికి వెనకున్న వాగు దగ్గర ఇద్దరూ కనబడ్డారు. నయ్దా వాడి చొక్కా పట్టుకుని నిలబడి ఉంది. వాడి మొహం, జుట్టు తడిసి నీళ్లు కారుతున్నాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. దాని వేళ్లు గీరుకుపోయి, గోళ్ల దగ్గర రక్తం. ఏమైందే అంటే మాట్లాడలేదు. ఏమైందిరా నాయనా అంటే వాడూ మాట్లాడలేదు. వాణ్ని ఎత్తుకుని కంబళిలో చుట్టి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి తుడిచాను. చెవి వెనక నల్లగా మసి అంటుకుని ఉంది. అది కూడా తుడిచేశాను, ఎక్కడిదని ఆలోచించలేదు.

ఆ రోజు వాడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. తిండి పెడితే తిన్నాడు, లెమ్మంటే లేచాడు, కూర్చోమంటే కూర్చున్నాడు. చేతులు ఒంటికి అంటించుకుని, చుట్టిపెట్టినట్టు కదలకుండా ఉండేవాడు. మేఘం ఎదురుగా వచ్చి నిలబడినా చెయ్యి చాపలేదు. నా ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. నోరు మూసుకోమని అన్నన్నిసార్లు అన్నదాన్ని, ఒక్క ప్రశ్న అడగరా అని మనసులో బతిమాలుకున్నాను.

గ్రెగోరియాకి చెప్పాను. గిన్నెలు కడుగుతుంటే రెప్పపాటులో జారుకున్నాడనీ, వాగులో కాలుజారి జడుసుకున్నాడనీ. మొదటిది అబద్ధం. రెండోది నిజమనే అనుకున్నాను. మా నీళ్లకు ఆకలి ఎక్కువని అందరికీ తెలుసు. పిల్లలు జడుసుకుంటే ప్రాణంలో ఒక ముక్క ఊడి అక్కడే పడిపోతుంది. వాగు దాన్ని అట్టే పెట్టేసుకుంటుంది. పిలిస్తే గాని రాదు.

పిలవడంలో డెల్మెర్ అమ్మమ్మ నెమేసియా అవ్వని మించినవాళ్లు ఈ లోయలో లేరు. మంగళవారం పొద్దువాలే వేళ వాడి చెవులు కప్పే ఉన్ని టోపీ పట్టుకుని వాగు దగ్గరికి వెళ్లింది. పూల రేకులు, పంచదార బిళ్లలు, కోకా ఆకులు నీళ్లకు ఇచ్చింది. ఇవి నువ్వు ఉంచుకుని మా పిల్లవాణ్ని మాకిచ్చెయ్ అని చెప్పుకుంది. తర్వాత టోపీని నేల మీద ఈడ్చుకుంటూ, చిన్న గంట మోగిస్తూ, వెనక్కి చూడకుండా ఇంటిదాకా నడిచింది.

"డెల్మెర్, రా. వచ్చెయ్ నాయనా. అక్కడ ఉండకు, చలి. మీ ఇల్లు ఇక్కడుంది, మీ అమ్మ ఇక్కడుంది. రా, వచ్చెయ్."

ఆ గొంతు వింటే పోయినవాళ్లు కూడా లేచి రావాలనిపిస్తుంది. దారిలో ఎవరూ ఎదురు రాలేదు. వచ్చే ప్రాణం బెదిరిపోకుండా కుక్కల మూతులు పట్టుకుని కూర్చున్నాం. నిద్రపోతున్న వాడి తలకు అవ్వ ఆ టోపీ పెట్టింది. తెల్లవారాక వాడు లేచి, జావ తాగి, చేతులు ఒంటికి అంటించుకుని కూర్చున్నాడు.

శుక్రవారం మళ్లీ పిలిచింది. ఏమీ లేదు. వాగు మొండికేసిందని అవ్వ అంది. కొంచెం తాగించి చూద్దామని వచ్చే మంగళవారం మొక్కజొన్న కల్లు కూడా పట్టుకెళ్లింది. దానికీ కదల్లేదు. మూడోసారి ఉత్త టోపీతో తిరిగొచ్చిన ఆ రోజు, నెమేసియా అవ్వ మొదటిసారి ముసలిదానిలా కనబడింది.

అప్పుడు గ్రెగోరియా నిర్ణయించుకుంది. నెలాఖరున వాణ్ని అయకూచో పట్నం తీసుకెళ్లి, మాట రాని పిల్లలకు చేతులతో మాట్లాడటం నేర్పే బడిలో వేసి, చెల్లెలి ఇంట్లో ఉంచుతుందట. వద్దనడానికి నాకు నోరు లేదు. "వాడు చేతులతోనైనా నాతో ఏదో ఒకటి అనాలి కొమాద్రె" అంది. ఆమె ముందు తల ఊపాను. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి, ఉల్లిపాయలు లేకుండానే ఏడ్చాను. వాడి పుట్టువెంట్రుక నా పెట్టెలో ఉంది, వాడి మాట నా పెరట్లో పోయింది. ఇక నేను ఏ మొహంతో జ్ఞానతల్లినని చెప్పుకోను?

ఈ రోజుల్లో నయ్దా మారింది. నేను చూశాను గాని చూసినది అర్థం చేసుకోలేదు. పొద్దున రాగానే డెల్మెర్ ఒళ్లో ఏదో ఒకటి పెట్టేది. ఒకరోజు పిట్ట ఈక, ఒకరోజు చారల చిక్కుడు గింజ, ఒకరోజు తన జావలో తేలిన పాల మీగడ. వాడు వాటిని చూసేవాడు కాదు. నయ్దా వాటిని తిరిగి తీసుకునేదీ కాదు. సాయంత్రం ఊడుస్తుంటే అవన్నీ నా చీపురుకు తగిలేవి. తను మాత్రం సరిగ్గా తినడం మానేసింది. చాప మీద పడుకోబెడితే కళ్లు తెరిచే ఉండేది. అల్లరి తగ్గింది, పోనీలే బుద్ధి వచ్చిందనుకున్నాను. అల్లరి పిల్లకు కూడా ఏదైనా ఊడి పడిపోవచ్చని ఎవరికి తోస్తుంది?

ఇర్మా వచ్చింది. పంచుకుంటుందా అన్న చోట మొదటిసారి అవును అని గీత గీసి సంబరపడిపోయింది. అట్టలు పరిచింది. నయ్దా ఈసారి వాటిని తిప్పలేదు. భయం మొహం ఒక్కటి తీసి డెల్మెర్ ఒళ్లో పెట్టింది. కాసేపు చూసింది. మళ్లీ తీసుకుని తన గౌను కింద దాచుకుంది. ఇర్మా వెళ్లేటప్పుడు మూడు అట్టలే ఉన్నాయని చాలాసేపు వెతికింది. నేను చూడనట్టే ఊరుకున్నాను. ఒక అట్టముక్క కోసం ఆ పిల్లను మళ్లీ అందరి ముందు నిలబెట్టడం నా వల్ల కాలేదు.

ఒకరోజు నేను దుంపలు కడుగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"సతు అమ్మా, ప్రాణాన్ని పిలిస్తే ఎంత దూరం నుంచి వినబడుతుంది?"

"ఎంత దూరమైనా వినబడుతుంది."

"మూత పెట్టి ఉంటే?"

"వాగుకు మూత ఎక్కడిదే, పిచ్చిదానా" అని నవ్వి దుంపల నీళ్లు పారబోశాను. అది నవ్వలేదు. ఇంకేదో అడగబోయింది. ఇంతలో చిన్నవాడొకడు పొయ్యి వైపు పాకుతుంటే నేను లేచి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి అది లేదు. ఆ రెండు నిమిషాలు కూర్చుని ఉంటే ఈ కథ ఇంకో వారం ముందే అయిపోయేది.

ప్రయాణం రేపనగా ఆ మధ్యాహ్నం మేఘం అంతకుముందెప్పుడూ లేనంత చిక్కగా వచ్చింది. గదిలో చాపలు కూడా మసగ్గా ఉన్నాయి. పిల్లల ఊపిరి వింటూ గోడకు ఆనుకుని కూర్చున్నాను. వారం రోజులుగా సరైన నిద్ర లేదు. ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో తెలియదు. కలలో నెమేసియా అవ్వ పిలుస్తోంది, కాని గొంతు చిన్నపిల్లది. రా, వచ్చెయ్, అంటోంది. కళ్లు తెరిచాను. చాపల మీద ఎవరూ లేరు. గొంతు మాత్రం ఆగలేదు.

 పెరటి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడిపోయాను.

తెల్లటి దాంట్లో ఒక్కొక్కరే కనబడ్డారు. ఇద్దరు కుక్క మెడ పట్టుకుని దాని మూతి మూసి కూర్చున్నారు. ఒకడు చెంచాతో గిన్నె మీద కొడుతున్నాడు, అది గంట అన్నమాట. మిగతావాళ్లు దారి వదిలి వరసగా గోడకు అంటుకున్నారు. డెల్మెర్ చూరు కింద పీట మీద కూర్చుని ఉన్నాడు, నెత్తిన టోపీ లేదు. టోపీ నయ్దా చేతిలో ఉంది. ఆ పిల్ల వాగు దగ్గర లేదు. బట్టీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, దాని నల్లటి నోట్లోకి తల పెట్టి మాట్లాడుతోంది.

"డెల్మెర్, నువ్వు కాలిపోలేదు. ఇంక కాలక్కర్లేదు. నిన్ను రొట్టెపాపని చేసింది నేనే, ఇప్పుడు నువ్వు రొట్టెపాపవి కాదని నేనే చెప్తున్నా. ఇంక మాట్లాడొచ్చు. రొట్టెపాపలు మాట్లాడవు, ఏడవవు అన్నాను కదా, అది ఆటలో. రాయి పెట్టడం వచ్చింది, తియ్యడం రాలేదు. వీపుతో నెట్టాను, చేతులతో గీకాను. అందుకే ఆలస్యమైంది. కావాలని కాదు."

 చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నా పెరట్లో, నా బట్టీలో ఉన్నదాన్ని మేం మూడుసార్లు వాగులో పిలిచాం. వాగు ఏం చేస్తుంది పాపం, తన దగ్గర లేనిది ఎక్కడి నుంచి ఇస్తుంది? మసి ఎక్కడిదో, రక్తం ఎక్కడిదో, ఆ మొహం ఎవరు కడిగారో అంతా ఒక్కసారి తెలిసింది. తెలియగానే మొదట వచ్చింది కోపమే, దాచను. ఆ బట్టీలో పిల్లవాడు ఊపిరాడక పోయి ఉంటే? చెయ్యి లేచింది. ఒక అడుగు వేశాను కూడా.

అప్పుడు నయ్దా గౌను కింద నుంచి అట్ట తీసింది. భయం మొహం. దాన్ని బట్టీ లోపలికి, చెయ్యి అందినంత దూరం తోసింది.

"ఇది నువ్వు ఉంచుకో. వాణ్ని ఇచ్చెయ్."

నా చెయ్యి దానంతటదే దిగిపోయింది. దిక్కు లేదన్నాను దాన్ని. లోకంలో దానికి ఉన్నది ఆ దొంగ అట్ట ఒక్కటే, దాన్నీ ఇచ్చేసింది.

టోపీని నేల మీద ఈడ్చుకుంటూ చూరు వైపు నడిచింది. రా, వచ్చెయ్, చలి అక్కడ, మీ అమ్మ ఇక్కడుంది. మీ అమ్మ అనే మాట దగ్గర దాని గొంతు సన్నబడింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. బట్టీ నుంచి చూరుదాకా పది అడుగులు ఉంటాయేమో, ఆ మేఘంలో అది ఒక కొండ దాటినంత సేపు నడిచినట్టు అనిపించింది. వాడి నెత్తిన టోపీ పెట్టి, చెవుల మీదికి లాగి, ఎదురుగా నిలబడింది. గిన్నె మీద చెంచా ఆగింది.

వాడు ఏమీ అనలేదు.

అందరం ఎదురుచూశాం. కుక్క మూలిగింది. వాడి కళ్లు నయ్దా మొహం మీదే ఉన్నాయి, అంతే. నయ్దా పెదవి వణకడం మొదలైంది. ఏడాదిన్నరగా నేను చూస్తున్నాను ఆ పిల్లను, పడ్డా, కొట్టినా, తల్లి బస్సెక్కి వెళ్లినా ఏడవనిది, చేతులు రెండూ వేలాడేసుకుని, నోరు తెరుచుకుని ఏడ్చింది. చప్పుడు కూడా సరిగా రాలేదు, అలవాటు లేదు కదా.

డెల్మెర్ పీట మీద నుంచి లేచాడు. ఒంటికి అంటుకుపోయిన చేతులు విడిపోయాయి. తల మీది టోపీ తీసి, నిదానంగా నేల మీద పెట్టి, పట్టుకుని, బట్టీ దాకా నడిచాడు. అక్కడ తిరిగి, టోపీ ఈడ్చుకుంటూ మళ్లీ వచ్చాడు. మొదట పెదవులే కదిలాయి. తర్వాత గాలి. తర్వాత, ఇరవై రోజులుగా వాడకపోవడం వల్ల బొంగురుపోయిన గొంతు.

"నయ్దా, రా. వచ్చెయ్."

టోపీని దాని చిక్కుజుట్టు మీద పెట్టి, రెండు చేతులతో చెవుల మీదికి లాగాడు. వాళ్లమ్మమ్మ పెట్టినట్టే. ఇద్దరూ జడుసుకున్నారని మాకెవరికీ తెలియలేదు. రాయికి ఇటువైపు ఉన్నది కూడా జడుసుకుందని, రాయికి అటువైపు ఉన్నవాడికే తెలుసు.

నేను మేఘంలోకి వెళ్లి ఇద్దరినీ ఒళ్లోకి లాక్కుని కూర్చున్నాను. నయ్దా చెవిలో, ఆ రోజు నేనన్న మాట తప్పని చెప్పాను. అది ఏ మాట అని అడగలేదు, దానికి తెలుసు. శనివారం బట్టీ వెలిగించి నీకోసం పెద్ద రొట్టెపాపని చేస్తాను, పండగ అయిపోతే అయిపోయింది, నవ్వేవాళ్లని నవ్వనీ అన్నాను. నయ్దా కళ్లు తుడుచుకుంది.

"వెలిగించే ముందు లోపల ఎవరైనా ఉన్నారేమో చూడు" అంది.

సాయంత్రం గ్రెగోరియా వాడి బట్టల మూట చంకన పెట్టుకుని వచ్చింది. రేపు తెల్లవారే బస్సు. గుమ్మంలో నిలబడ్డ ఆమెకు ముందు నా మాట చెప్పాలనుకున్నాను. నేను గిన్నెలు కడగడం లేదనీ, కునికాననీ, వాగు పాపం ఏమీ చేయలేదనీ చెప్పాలి. తిడితే పడాలి. "కొమాద్రె, నీకొకటి చెప్పాలి" అని మొదలుపెట్టాను. ఆమె వినే స్థితిలో లేదు. మూటలోకి చూసి, గదిలోకి చూసి, పిల్లవాడి తల మీద టోపీ లేదని చూసింది. మూలన నయ్దా తల మీద అది కనబడింది. ఆ పిల్ల చాప మీద, చెవులదాకా టోపీ లాక్కుని, నోరు కొంచెం తెరుచుకుని, మొద్దునిద్ర పోతోంది.

"మళ్లీ లాక్కుందా? ఇలా ఇవ్వు, ప్రయాణంలో చలి" అంటూ వంగి టోపీ మీద చెయ్యి వేసింది.

డెల్మెర్ వచ్చి తల్లి మణికట్టు పట్టుకున్నాడు.

"తియ్యకమ్మా. ఇవాళ అది దానికి కావాలి. రేపు ఇస్తుంది."

గ్రెగోరియా చంకలోంచి మూట జారింది. దాన్ని తీయకుండా గుమ్మం మీదే కూర్చుండిపోయింది. బయటి నుంచి మేఘం ఆమె భుజం మీదుగా లోపలికి వచ్చి చాపల మీద తిరిగింది. ఆమె వాడి రెండు చేతులూ పట్టుకుంది.

"మళ్లీ చెప్పు నాయనా" అంది.

వాడు మళ్లీ చెప్పాడు, ఈసారి కొంచెం విసుగ్గా.